రెండు జట్లు, పన్నెండు నెలలు: అమెరికా ఆటలకు నికార్సైన అభిమాని కావడం ఎలా

అమెరికా ఆటలు కొత్తగా చూడటం మొదలుపెట్టినవారిలో చాలామంది ఆ ఏడాది గెలుస్తున్న జట్టు టోపీ కొనుక్కుంటారు. రెండేళ్లకు ఆ జట్టు ఓడటం మొదలుపెడుతుంది, టోపీ అల్మారాలోకి వెళ్లిపోతుంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే దాన్ని అభిమానం అనలేం. ఆ టోపీని గెలుపోటములతో పని లేకుండా ఏళ్ల తరబడి పెట్టుకోదలచినవారి కోసమే ఇది రాస్తున్నాను.

అసలు సలహా ముందే చెబుతాను: ఒక కాలేజీ జట్టును, ఒక ప్రొఫెషనల్ జట్టును పట్టుకోండి. ఒకటి చాలదా అంటే, ఈ రెండు చోట్లా ఆశ పుట్టే తీరు వేరు. ప్రొఫెషనల్ లీగులు ఓడినవాడిని లేపి నిలబెట్టడానికి నిబంధనలు రాసుకున్నాయి. కాలేజీ ఆటల్లో ఆ దయ లేదు. ఏ జట్టు మీద, ఏ నెలలో, ఎంత ఆశ పెట్టుకోవచ్చో లెక్క తెలిసినవారు నిలుస్తారు. తెలియనివారు మూడో సీజన్‌కే విసిగిపోతారు.

1. జట్టును ఎంచుకోండి, ఇక మార్చకండి

ప్రొఫెషనల్ జట్టు విషయంలో పెద్దగా ఆలోచించనవసరం లేదు. మీరు ఉంటున్న ఊరి జట్టే మీ జట్టు. దగ్గరలో ఏ జట్టూ లేకపోతే పిల్లలు పుట్టిన ఊరిదో, అమెరికాలో మొదట దిగిన ఊరిదో తీసుకోండి. కారణం ఏదైనా ఫరవాలేదు, అడిగినవారికి ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు. "వాళ్లు బాగా ఆడుతున్నారు కాబట్టి" అన్నది మాత్రం కారణం కింద చెల్లదు.

కాలేజీ జట్టు మీరు చదివినది, మీ జీవిత భాగస్వామి చదివినది, లేదా పిల్లలు చదువుతున్నది. మాస్టర్స్ రెండేళ్లే చదివాం కదా, లైబ్రరీ దాటి బయటికి రాలేదు కదా అని మొహమాటపడేవారు ఉంటారు. ఆ మొహమాటం అక్కర్లేదు, ట్యూషన్ ఫీజు కట్టిన ప్రతివారికీ స్టేడియంలో అరిచే హక్కు ఉంది. మీ యూనివర్సిటీకి అసలు ఫుట్‌బాల్ జట్టే లేకపోవచ్చు. అయినా బాస్కెట్‌బాల్ ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని గొంజాగాకు ఫుట్‌బాల్ జట్టు లేదు, కానీ దాని పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 2017లోనూ 2021లోనూ జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది.

ఒక లీగుకు ఒక్క జట్టే. చిరకాల ప్రత్యర్థులైన మిషిగన్‌నూ ఒహాయో స్టేట్‌నూ కలిపి అభిమానిస్తానంటే రెండు వైపులవారూ మిమ్మల్ని నమ్మరు.

జట్టును వదిలేయడానికి నేను ఒప్పుకునే సందర్భం ఒక్కటే: యజమాని జట్టును ఊరు దాటించడం. 1995లో ఫుట్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఊరు పోరాడి పేరునూ రంగులనూ రికార్డులనూ తన దగ్గరే నిలుపుకుంది. 1999లో అదే పేరుతో కొత్త జట్టు వచ్చింది. ఓక్లాండ్‌కు ఆ భాగ్యం దక్కలేదు. 2019లో బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్ అఖాతం దాటి శాన్ ఫ్రాన్సిస్కోకు, 2020లో ఫుట్‌బాల్ జట్టు రైడర్స్ లాస్ వేగస్‌కు వెళ్లిపోయాయి. 2024 సెప్టెంబరులో బేస్‌బాల్ జట్టు అథ్లెటిక్స్ కూడా అక్కడ చివరి ఆట ఆడేసింది. అలాంటి ఊరి అభిమాని వేరే జట్టు చూసుకున్నా, అసలు ఏ జట్టూ వద్దనుకున్నా అడిగే హక్కు మనకు లేదు.

యజమానే లేని జట్టు కావాలంటే ఫుట్‌బాల్‌లో గ్రీన్ బే ప్యాకర్స్ ఉంది. దాని వాటాలు మామూలు జనం చేతుల్లో ఉంటాయి. 2021లో ఒక్కో వాటాను 300 డాలర్లకు అమ్మారు. ఆ వాటా మీద డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకునే వీలూ లేదు. గోడకు తగిలించుకునే ఆ కాగితం కోసం జనం ఎగబడి కొన్నారు.

2. క్యాలెండర్‌ను ఒంటబట్టించుకోండి

శుక్రవారం రాత్రి హైస్కూలు, శనివారం కాలేజీ, ఆదివారం ప్రొఫెషనల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్. శరదృతువులో అమెరికా ఫుట్‌బాల్ వారం ఇలా సాగుతుంది. ఇది కేవలం అలవాటు కాదు, దీని వెనక 1961 నాటి స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం ఉంది. సెప్టెంబరు రెండో వారాంతం నుంచి డిసెంబరు రెండో వారాంతం వరకు శుక్రవారం రాత్రులు, శనివారాలు ప్రొఫెషనల్ ఆటల ప్రసారం స్కూలు, కాలేజీ ఆటలకు అడ్డు రాకుండా ఆ చట్టం కట్టడి చేస్తుంది. డిసెంబరు మధ్యకు వచ్చేసరికి ఎన్‌ఎఫ్‌ఎల్ శనివారం కూడా ప్రత్యక్షమవడం అందుకే.

ఏడాది మొత్తం స్థూలంగా ఇలా ఉంటుంది. ఆగస్టు చివర కాలేజీ ఫుట్‌బాల్, సెప్టెంబరులో ఎన్‌ఎఫ్‌ఎల్ మొదలవుతాయి. అక్టోబరులో బేస్‌బాల్ చాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్స్ జరుగుతుండగానే ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ తెర తీస్తుంది. అక్టోబరు ఆఖరి వారాల్లో నిద్ర తక్కువవుతుంది, ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. థాంక్స్‌గివింగ్ వారాంతం కాలేజీ ఫుట్‌బాల్‌లో చిరకాల ప్రత్యర్థులు తలపడే సమయం. ఆ శనివారానికి పెళ్లిళ్లు, గృహప్రవేశాలు పెట్టుకోకండి. జనవరిలో కాలేజీ చాంపియన్ తేలుతుంది, ఫిబ్రవరి రెండో ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్, అంటే సూపర్ బౌల్. మార్చి అంతా కాలేజీ బాస్కెట్‌బాల్‌ది. ఏప్రిల్ చివర జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్, జూన్‌లో ఎన్‌బీఏ ఫైనల్స్. వేసవి సాయంత్రాలన్నీ బేస్‌బాల్‌వే.

తేదీల కన్నా ముఖ్యమైనవి ఆటల సంఖ్యలు. రెగ్యులర్ సీజన్‌లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టు 12 ఆటలు ఆడుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు 17, ఎన్‌బీఏ జట్టు 82, బేస్‌బాల్ జట్టు 162. అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక ఓటమి బేస్‌బాల్‌లో దాదాపు పది ఓటములంత బరువు. అత్యుత్తమ బేస్‌బాల్ జట్టు కూడా సాధారణంగా ఏడాదికి 60 దాకా ఆటలు ఓడుతుంది. మే నెలలో మంగళవారం నాటి ఓటమికి అన్నం మానేసేవారు బేస్‌బాల్‌కు పనికిరారు.

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈ లెక్క ఈమధ్యే మారింది. 2014 నుంచి నాలుగు జట్లే ప్లేఆఫ్‌కు వెళ్లేవి. ఆ పద్ధతి ఉన్నన్నాళ్లూ రెండు ఆటలు ఓడిన జట్టు ఒక్కటీ అందులో అడుగుపెట్టలేదు. 2024లో ఆ సంఖ్యను 12కు పెంచారు. ఆ ఏడాది నవంబరు 30న ఒహాయో స్టేట్ సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10 తేడాతో ఓడింది. అది ఆ సీజన్‌లో రెండో ఓటమి, అభిమానులు కోచ్ మీద మండిపడ్డారు. 2025 జనవరి 20న అదే జట్టు నోత్ర డామ్‌ను 34-23తో ఓడించి జాతీయ చాంపియన్ అయింది. నవంబరులో ఆశ వదులుకున్నవారు పాత లెక్క పట్టుకుని కూర్చున్నారన్నమాట.

కాలేజీ జట్లు తమలో తాము ఆడుకునే కూటములైన కాన్ఫరెన్సుల పేర్లు చూసి మోసపోకండి. బిగ్ టెన్‌లో 18 జట్లున్నాయి, బిగ్ ట్వెల్వ్‌లో 16. పసిఫిక్ తీరంలోని యూసీఎల్‌ఏ, న్యూజెర్సీలోని రట్గర్స్ ఇప్పుడు ఒకే కాన్ఫరెన్స్. అంకెల్లోనూ భూగోళంలోనూ తర్కం వెతకకండి, టీవీ డబ్బులో వెతకండి.

3. నిబంధనలు కొంచెమే నేర్చుకోండి

ఫుట్‌బాల్ నిబంధనల పుస్తకం చదవడానికి పూనుకున్నవారు ఆట చూడటం మానేస్తారు. మొదటి నెలకు ఇంత చాలు: బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు, వాటినే డౌన్లు అంటారు. వాటిలో 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు వస్తాయి. బంతితో ప్రత్యర్థి చివరి గీత దాటితే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు, తరువాతి కిక్‌కు 1. బంతిని కంబాల మధ్యకు తన్నే ఫీల్డ్ గోల్‌కు 3. మూడో డౌన్ వచ్చినప్పుడల్లా ఫోను పక్కన పెట్టండి. ఎన్ని గజాలు కావాలో తెరమీద చూడండి, పరుగా పాసా ఊహించండి. నెలరోజులు ఇలా చేస్తే మిగిలిన నిబంధనలు వాటంతటవే తెలుస్తాయి.

కాస్త అలవాటయ్యాక బంతిని వదిలేసి మధ్యలో వరుసగా వంగి నిలబడే ఐదుగురు భారీకాయులను చూడండి. ఆట సగం అక్కడే తేలుతుంది. వాళ్లు రెండు మూడు సెకన్లు నిలబడగలిగితే వెనక నుంచి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మేధావిలా కనిపిస్తాడు. నిలబడలేకపోతే అతడే చేతకానివాడిలా కనిపిస్తాడు, తిట్లన్నీ అతడికే పడతాయి.

గడియారం ప్రకారం 60 నిమిషాల ఆట మూడు గంటలు సాగుతుంది. అందులో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 11 నిమిషాలు. మిగతాదంతా వాదించుకోవడానికీ తినడానికీ ఉన్న సమయం. ఇది తెలియక చాలామంది మొదటి ఆటకే విసుగెత్తి లేచిపోతారు.

రెండు స్థాయిల మధ్య తేడాలు కొన్ని గుర్తుంచుకోవాలి, లేకపోతే అనవసరంగా రిఫరీని తిడతారు. పాస్ పట్టుకున్న ఆటగాడి ఒక్క పాదం గీత లోపల పడితే కాలేజీలో సరిపోతుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు పాదాలూ పడాలి. కాలేజీలో ఎవరూ తాకకపోయినా మోకాలు నేలకు ఆనితే ఆ ప్రయత్నం ముగిసినట్టే, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రత్యర్థి తాకితేనే. స్కోరు సమమైతే ఆడే ఓవర్‌టైమ్ తీరు కాలేజీలో వేరు. రెండు జట్లకూ 25 గజాల గీత దగ్గర నుంచి అవకాశం ఇస్తారు, మూడో ఓవర్‌టైమ్ నుంచి చివరి గీత దగ్గర నుంచి ఒక్క ప్రయత్నంలో రెండు పాయింట్లు సాధించే అవకాశాలే ఉంటాయి. 2021లో ఇల్లినాయ్ తొమ్మిది ఓవర్‌టైమ్‌ల తరువాత పెన్ స్టేట్‌ను ఓడించింది. ఇంతా చేసి స్కోరు 20-18.

బాస్కెట్‌బాల్‌లో కాలేజీ పురుషులకు 20 నిమిషాల రెండు భాగాలు, ఎన్‌బీఏలో 12 నిమిషాల నాలుగు క్వార్టర్లు. ఐదో ఫౌల్‌కు కాలేజీ ఆటగాడు బయటికి వెళతాడు, ఎన్‌బీఏ ఆటగాడు ఆరో ఫౌల్‌కు.

4. ఆశ లెక్క నేర్చుకోండి

మామూలు ప్రేక్షకుడికీ అభిమానికీ తేడా వచ్చేది ఇక్కడే.

ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ అంటే భోజనాల పంక్తిలో చివర కూర్చున్నవాడికి మొదట వడ్డించడం. గత ఏడాది అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టు కాలేజీల నుంచి వచ్చే ఆటగాళ్లలో మొదటివాడిని ఎంచుకుంటుంది. చాంపియన్ వంతు ఆ రౌండ్‌లో ఆఖరున వస్తుంది. మొత్తం ఏడు రౌండ్లు. దీనికి తోడు జీతాల మీద గట్టి పరిమితి ఉంది. 2025లో జట్టుకు 27.92 కోట్ల డాలర్లు. యజమాని ఎంత ధనవంతుడైనా ఆ గీత దాటి తారలను కొనుక్కోలేడు.

ఈ రెండింటినీ కలిపి చూస్తే మీ జట్టు భవిష్యత్తు కొంత కనిపిస్తుంది. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడి మొదటి ఒప్పందం నాలుగేళ్లు, చవక. క్వార్టర్‌బ్యాక్ మంచివాడై ఇంకా ఆ చవక ఒప్పందంలోనే ఉంటే మిగిలిన డబ్బుతో చుట్టూ బలమైన జట్టును కట్టుకోవచ్చు. కాబట్టి జట్టు ఓడుతున్నప్పుడు ఎన్ని ఆటలు ఓడిందని కాక, క్వార్టర్‌బ్యాక్ ఒప్పందంలో ఎన్నేళ్లు మిగిలాయి, వచ్చే డ్రాఫ్ట్‌లో ఎన్ని ఎంపికలున్నాయి అని చూడండి.

డ్రాఫ్ట్ జోస్యాలను మాత్రం మరీ నమ్మకండి. టామ్ బ్రేడీని 2000లో 199వ ఆటగాడిగా తీసుకున్నారు, ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. 2022 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ఆఖరున, 262వ స్థానంలో ఎంపికైన బ్రాక్ పర్డీ రెండేళ్లు తిరక్కుండా శాన్ ఫ్రాన్సిస్కోను సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు.

ఎన్‌బీఏలో మొదటి ఎంపికలను లాటరీ తీస్తారు. కావాలని ఓడిపోయే జట్లను నిరుత్సాహపరచడానికి 2019లో అవకాశాలను మార్చి, అట్టడుగున ఉన్న మూడు జట్లకూ చెరి 14 శాతం ఇచ్చారు. అయినా మార్చి నెలలో కొన్ని జట్ల ఆట చూస్తే గెలవాలని ఆడుతున్నారని నమ్మడం కష్టమే.

కాలేజీకి డ్రాఫ్ట్ లేదు. పదిహేడేళ్ల కుర్రాడు తనకు నచ్చిన కాలేజీని ఎంచుకుంటాడు, గెలుస్తున్న కాలేజీ వైపే ఎక్కువమంది మొగ్గుతారు. పై జట్లు దశాబ్దాల తరబడి పైనే ఉండటానికి అదే కారణం. ఈ గోడకు ఈమధ్య బీటలు పడ్డాయి. 2018లో కాలేజీ మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. మొదట 2021లో, తరువాత 2024లో నిబంధనలు సడలించాక ఆటగాళ్లు కాలేజీ మారి వెంటనే ఆడగలుగుతున్నారు. 2021 జూలై నుంచి తమ పేరు, రూపం మీద డబ్బు సంపాదించుకునే హక్కు వారికి దక్కింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించవచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

"ఇక విద్యార్థుల ఆట ఎక్కడుంది?" అని పెదవి విరిచే పాత అభిమానులు ఉన్నారు. వారి బాధ అర్థమవుతుంది కానీ, లక్షమంది ముందు ఆడేవాడికి తప్ప స్టేడియంలో అందరికీ జీతం ఉన్న రోజులు అంత గొప్పవని నేననుకోను. పైగా ఇండియానా ఫుట్‌బాల్‌ను చూడండి. 2023లో 3 గెలిచి 9 ఓడిన జట్టు. కర్ట్ సిగ్నెట్టి కోచ్‌గా వచ్చి, పోర్టల్ నుంచి ఆటగాళ్లను తెచ్చుకుని, మరుసటి ఏడాదే 11 గెలిచి ప్లేఆఫ్‌కు చేర్చాడు. పాత రోజుల్లో దానికి ఒక తరం పట్టేది.

దీనికి మీరు చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది: నిరుడు మీరు ప్రేమించిన ఆటగాడు ఈ ఏడాది ప్రత్యర్థి జెర్సీలో కనిపించవచ్చు. ప్రతి ఆగస్టులో జట్టు జాబితా కొత్తగా చదవండి. జెర్సీ కొంటే ఆటగాడి పేరు లేనిది కొనండి.

5. చూసే ఏర్పాట్లు

ఖర్చు పెట్టేముందు ఒక మామూలు యాంటెన్నా కొని కిటికీ దగ్గర పెట్టండి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మీ ఊరి జట్టు ఆటలు ఉచిత చానళ్లలోనే వస్తాయి. కేబుల్‌లోనో స్ట్రీమింగ్‌లోనో వచ్చే ఆట అయినా ఆ జట్టు సొంత ఊళ్లో స్థానిక చానల్ చూపిస్తుంది. ఊరికి దూరంగా ఉండే అభిమానికే ప్రత్యేక ప్యాకేజీ అవసరం. బేస్‌బాల్‌లో తిరకాసు ఉంది. లీగు స్ట్రీమింగ్ ప్యాకేజీ కొన్నా మీ ప్రాంతపు జట్టు ఆటను అందులో ప్రత్యక్షంగా చూపకుండా ఆపేస్తారు, కాబట్టి పిన్‌కోడ్ పెట్టి చూసుకున్నాకే డబ్బు కట్టండి. బేస్‌బాల్‌ను రేడియోలో వినడం కూడా అలవాటు చేసుకోండి. వంటగదిలో పని చేసుకుంటూ వినడానికి అంతకన్నా అనువైన ఆట లేదు.

6. ఒక్కసారైనా స్టేడియానికి వెళ్లండి, ముందు కాలేజీకి

ప్రొఫెషనల్ స్టేడియంలో ఆట బాగుంటుంది. కాలేజీ స్టేడియంలో ఊరే బాగుంటుంది. మిషిగన్ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. ఆ స్టేడియం ఉన్న ఆన్ ఆర్బర్ ఊరి జనాభా అంతకన్నా కొంచెమే ఎక్కువ. అయోవాలో మొదటి క్వార్టర్ అవగానే స్టేడియం మొత్తం వెనక్కి తిరిగి, పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రి కిటికీల వైపు చేతులూపుతుంది. 2017లో మొదలైన ఈ ఆచారంలో ప్రత్యర్థి అభిమానులూ పాల్గొంటారు.

సెప్టెంబరు మొదట్లో బలహీన ప్రత్యర్థితో జరిగే ఆటకు టికెట్ చవకగా దొరుకుతుంది, మొదటిసారికి అదే మంచిది. ఫీజులన్నీ కలిపిన ధరనే ముందుగా చూపాలని 2025 మే నుంచి ఫెడరల్ నిబంధన ఉంది, కాబట్టి చివరి పేజీలో గుండె ఆగే ప్రమాదం తగ్గింది. పారదర్శకమైన సంచీ తప్ప మామూలు బ్యాగు చాలాచోట్ల లోపలికి రానివ్వరు. నాలుగు గంటలు ముందే చేరుకుని పార్కింగ్ స్థలాల్లో జరిగే టెయిల్‌గేట్ విందులు చూడండి. సరైన రంగు చొక్కా ఉంటే ఎవరో ఒకరు పలకరించి తినమంటారు. కాదనకండి.

7. మార్చిలో బ్రాకెట్ నింపండి

బ్రాకెట్ అంటే కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీలో ఎవరిని ఎవరు ఓడిస్తారో ముందే ఊహించి నింపే పట్టిక. పురుషుల టోర్నీలో 68 జట్లు. ప్రారంభపు నాలుగు ఆటలు పోగా 63 ఆటల ఫలితాలు ఊహించాలి. సాధ్యమయ్యే బ్రాకెట్లు సుమారు 92 వేల కోటి కోట్లు. కాబట్టి నిపుణులను చూసి భయపడకండి, ఆఫీసులో బ్రాకెట్ పోటీని తరచూ గెలిచేది జట్ల మస్కట్ బొమ్మలను చూసి ఎంచుకున్నవారే. మీ జట్టును ఒక రౌండ్ ఎక్కువే గెలిపించండి, చాంపియన్‌ను మాత్రం మనసుతో ఎంచుకోకండి.

ఒకటో సీడ్, అంటే బలమైనదిగా మొదటి ర్యాంకు ఇచ్చిన జట్టు, మొదటి ఆటలో ఓడటం అరుదు. 1998లో మహిళల టోర్నీలో హార్వర్డ్ స్టాన్‌ఫర్డ్‌ను ఓడించింది. పురుషుల్లో ఇరవై ఏళ్లు ఆగి 2018లో యూఎంబీసీ వర్జీనియాను ఓడించింది, అదీ 20 పాయింట్లతో. దేశమంతా నవ్విన ఆ వర్జీనియా మరుసటి ఏడాదే టోర్నీ గెలిచింది. మహిళల బ్రాకెట్ కూడా నింపండి. 2024లో సౌత్ కరోలినా, అయోవా మహిళల ఫైనల్‌ను పురుషుల ఫైనల్ కన్నా ఎక్కువమంది చూశారు. అలా జరగడం అదే మొదటిసారి.

8. రెండు హెచ్చరికలు

2018లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత చాలా రాష్ట్రాల్లో పందేలు చట్టబద్ధమయ్యాయి. పందెం కాసిన క్షణం నుంచి మీ జట్టు గెలిస్తే చాలదు, పందెంలో పెట్టిన తేడాతో, ఉదాహరణకు ఏడు పాయింట్ల పైన, గెలవాలి. ఆరు పాయింట్లతో గెలిచిన రోజున ఏడ్చే అభిమాని కన్నా దయనీయుడు లేడు. సొంత జట్టు మీద ఎప్పుడూ కాయకండి.

ఓడిన ఆటగాడికి సందేశాలు పంపకండి. బంతి జారవిడిచిన ఆ కుర్రాడికి పందొమ్మిదేళ్లు, సోమవారం పొద్దున క్లాసు ఉంటుంది.

9. ఓటముల మధ్య ఏం చేయాలి

డెట్రాయిట్ లయన్స్ 2008లో 16 ఆటలకు 16 ఓడింది. ప్లేఆఫ్ ఆట ఒకటి గెలవడానికి ఆ ఊరు 1992 జనవరి నుంచి 2024 జనవరి దాకా ఆగింది. బఫలో బిల్స్ వరుసగా నాలుగు సూపర్ బౌల్‌లకు వెళ్లి నాలుగూ ఓడింది. ఈ రెండు ఊళ్లవారితో ఒక గంట కూర్చుంటే మీ కష్టం చిన్నదైపోతుంది. ఓడిన రాత్రి విశ్లేషణ కార్యక్రమాలు చూడకండి, స్కోరు మారదు. పందొమ్మిదో వారంలో కోచ్‌ను తీసేయాలా వద్దా అన్న చర్చకు ఇంట్లోవారిని బలవంతంగా కూర్చోబెట్టకండి.

సీజన్ లేని నెలల్లో చేయాల్సిన పని జూలై చివర వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ శిక్షణ శిబిరాలు అప్పుడే మొదలవుతాయి. చాలా జట్లు కొన్ని రోజులు జనాన్ని లోపలికి రానిస్తాయి. మైదానంలో 90 మంది ఉంటారు, ఆగస్టు చివరికి 53 మందే మిగలాలి. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఒక కుర్రాడిని, పేరు కూడా సరిగా పలకలేనివాడిని చూసుకుని నెంబరు రాసుకోండి. నెల తరువాత జాబితాలో ఆ పేరు వెతకండి.